చెయ్యెత్తిన ఫొటో

కాలికి కట్టుతో కూతురు పక్కగదిలో పడుకుంది. పొద్దున స్కూలు క్రాస్ కంట్రీ పరుగుపందెంలో అతను తీసిన ఫొటోల్ని భార్య కెమెరాలో ఒక్కొక్కటే తిప్పి చూస్తోంది.

“ఈ బురదగుంట దగ్గరేనా జారిపడింది?”

“ఆ.”

“ఇందులోనూ పడే ఉంది. ఇందులోనూ. మొత్తం పదకొండు! కన్నతండ్రి అయ్యుండి, పట్టి లేపడానికి చేతులు రాలేదా మీకు?”

“ఎవరైనా చెయ్యేస్తే పందెంలోంచి తీసేస్తారే. దానంతట అదే లేస్తుందనుకున్నా. లేచేటప్పుడు మంచి ఫొటో వస్తుందని...”

“మరి ఇదేంటి? మిమ్మల్నే చూస్తూ చెయ్యెత్తింది.”

“కెమెరాలోంచి నవ్వుతున్నట్టే కనిపించింది. నాకు టాటా చెబుతోందనుకున్నా.”

“అనుకుని?”

అతను పక్కగది తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

“నేనూ చెయ్యూపాను.”