ఎనిమిది పోగులు

కరీంనగర్‌లో వాన వెలిసిన మధ్యాహ్నం. తల్లి ఒళ్లో బీడీల చాట. కూతురి ముందు రెండు పాత కంప్యూటర్లు, ఒక కొసకే క్లిప్పు ఉన్న వైరు. రేపు ఆమెకు నెట్‌వర్కింగ్ కొలువుకు పరీక్ష.

“అవ్వా, ఎనిమిది పోగులు వరుసగ గీ క్లిప్పుల దూరాలె. నాకు ఒక్కటన్న జారిపోతది.”

“ఇటియ్యి. రంగుల వరుస చెప్పు.”

“తెల్ల ఆరెంజు, ఆరెంజు, తెల్ల పచ్చ, నీలం...”

“బీడీ చుట్టే తునికాకు లెక్క ఒత్తి పట్టాలె. కొసలు సమంగ కత్తిరియ్యాలె. ఇగో.”

“ఒక్కసారికే పట్టినయి గదనే. ఆగు, క్లిప్పు నొక్కి కంప్యూటర్లకు పెడుత.”

“గా తెర మీద ఏం వస్తున్నది?”

“ఈ కంప్యూటర్ ‘ఉన్నవా’ అని అడుగుతది. ఆ కంప్యూటర్ ‘ఉన్న’ అంటది.”

“ఎన్నిసార్లు?”

“మనం ఆపేదాక.”

“విసుక్కోదా?”

“విసుక్కోదు.”

“గా మాట నేను పట్టిన పోగులల్లకెళ్లే పోతున్నదా?”

“అండ్లకెళ్లే, అవ్వా.”

తెర మీద వరుసలు ఒకదాని కింద ఒకటి దిగుతుంటే ఇద్దరూ చాలాసేపు చూస్తూ కూర్చున్నారు.

“రేపు గీ వైరునే బ్యాగుల పెట్టుకపోత. అడిగితే నేనే చేసిన అంట.”

తల్లి ఆకులు కోసే కత్తెర అందుకుని, తాను పోగులు పట్టిన కొసను క్లిప్పుతో సహా కత్తిరించింది.

“అవ్వా, ఆ కంప్యూటర్ పలుకుత లేదు.”

“ఇగ నువ్వు పలికియ్యి, బిడ్డా.”