ఏడుగురున్న పడవ

మిట్ట మీది ఏసుప్రభువు గుడిలో, పీఠం వెనక గోడ ముందు, కొలత టేపుతో ఫ్రెడ్డీ. పక్కన గుడి ఊడ్చే పేరమ్మ.

"ఆ కొస పట్టుకో అవ్వా. ఈ గోడ మొత్తం గ్రానైటే. రేపు ఇందుకూరుపేట నుంచి పనోళ్లు వస్తారు. ముందు ఈ బొమ్మ గీకేయాల."

"గీకేస్తావా?"

"గీకక? మొక్కడమే గానీ, ఒకసారన్నా దీన్ని సరిగ్గా చూసినారా మీరు?"

"నలబై ఏళ్లుగా చూస్తుండా. నువ్వేం చూసినావో చెప్పు, వింటా."

"తుఫానులో ప్రభువు పడవ. బైబిల్లో ఏముంది? ప్రభువు నిద్రపోతుంటే శిష్యులు లేపినారు. ఇక్కడ ఆయన మేలుకోనుండాడు, శిష్యులు కళ్లు మూసుకోనుండారు. గీసినోడు వాక్యం చదివినట్టే లేదు."

"చదివినాడు. గీసింది మా ఇంటాయనే. పడవలకు పేర్లు రాసేవాడు."

"అదే అనుకున్నా. ప్రభువు పడవ మీద తెలుగులో 'కన్నెమరియ' అని రాసి పెట్టినాడు. శిష్యులు పన్నెండు మందైతే ఏడుగురినే గీసినాడు. పడవలో చోటు చాల్లేదా?"

"ఎక్కింది ఏడుగురే."

"ఏందీ?"

"ఏం లేదు. కానీయ్, ఇంకా చెప్పు."

"కింద ఈ మసేంది? గుడా, వంటిల్లా?"

"సమాధుల పండగనాడు కొవ్వొత్తులు పెడతారు."

"అవి సమాధుల మీద గదా పెట్టేది. గోడ కిందేంది?"

"సమాధులు ఉండేవోళ్లు అక్కడ పెడతారు."

"ఏం మనుషులో. ఇదిగో, చుక్కాని పట్టుకున్నాయన్ని చూడు. మొహమే లేదు. ముక్కూ చెంపా అరిగిపోయి సున్నం బయటపడింది. దీనికి దణ్ణాలు."

"ఆయన్ని మాత్రం ఏం అనబాక."

"అంటే ఏమవుద్ది?"

"నెల్లూరులో టైల్స్ అమ్ముకునేవాడివి, నీకు బొమ్మలు తెలుస్తాయా? ఈ గుడికి గుల్లసున్నం ఆడోళ్లు నెత్తిన పెట్టుకొని మిట్టెక్కించినారు. ఏ గాలికీ పెచ్చు ఊడలా. నీ గ్రానైటు ఈ ఉప్పుగాలికి ఎన్నాళ్లుంటాదో చూస్తాగా."

"ఫాదర్ సరేనన్నాడు లే."

"ఆయన వచ్చి రెండు నెలలు. ఆయనకేం తెలుసు?"

"ఊరికే ఇస్తుండా అవ్వా, గ్రానైటు. మధ్యలో బంగారు రంగు అక్షరాలు. 'కీర్తిశేషులు సమాధానం గారి జ్ఞాపకార్థం, మనవడు ఫ్రెడ్డీ.' మా తాత పేరు ఈ ఊళ్లో యాడా లేదు. పొద్దున సమాధుల తోటంతా వెతికినా, దొరకలా."

"వెతికినావా? మీ నాన్న చెప్పలా నీకు?"

"తాత మాట ఎత్తితేనే లేచిపోయేవాడు. ఏం, అట్టా చూస్తుండావు?"

"అన్నీ తెలిసే ఎగతాళి చేస్తుండావనుకున్నా. అట్టాంటోడికి చెప్పేదేముందిలే అనుకున్నా."

"ఏం తెలిసి?"

"కన్నెమరియ మన ఊరి పడవ. తుఫానులో ఏడుగురూ పోయినారు. చెక్కలు దొరికినాయి, మనుషులు దొరకలా. పూడ్చేదానికి ఏం లేక, మా ఆయన వాళ్లని ఈ గోడ మీద కళ్లు మూసి గీసినాడు."

"చుక్కాని దగ్గరాయన?"

"ఆ మొహం అరగదీసింది మీ నాయనమ్మ చెయ్యే. కాళ్లు ఆడినంత కాలం ప్రతి ఆదివారం పూజ అయినాక ఆ చెంప నిమిరి, 'పోయొస్తానయ్యా' అని చెప్పి మిట్ట దిగేది."