తెర వెనకాల ఎనిమిది మంది

పొద్దుటినుంచి నువ్వు ఐదోదానివమ్మా. ఐదోదానివి! గుమ్మంలో అడుగుపెట్టడం, కొలతకని పాత గౌను చేతిలో పెట్టడం, ఆనక గొంతు తగ్గించి "అక్కా, ఈ బడి నిజంగా అంత మంచిదేనా?" అనడం. అడిగేవాడికి చెప్పేవాడు లోకువని ఊరికే అన్నారా? బడి ఎదురుగా ఉంటే వచ్చి నన్నడుగుతారేం? నేనేమైనా పంతులమ్మనా? కుట్టుపనిదాన్ని. నడుము ఎంతుందో అడుగు, చూసి చెప్పేస్తాను.

ఆ బ్యానరు చూసే కదూ వచ్చావు? గేటు మీద, ఇంతేసి అక్షరాలతో, "నూటికి నూరు శాతం, వరుసగా ఆరో ఏడు" అని. ఒకసారి దగ్గరికెళ్ళి దాని అంచు చూడు. రెండు వరసల కుట్టు, ఎంత గాలికైనా చిరగదు. ఎవరు కుట్టారనుకున్నావు? ఈ చేతులే. ఏటేటా అంకె మారుతుంది, గుడ్డ మారుతుంది, కుట్టు మాత్రం నాదే.

కూర్చో. ఆ కుర్చీ కాదు తల్లీ, దాని కాలు విరిగింది, ఈ స్టూలు లాక్కో. బళ్ళో చేర్చే ఫారం నాలుగింటిదాకా తీసుకుంటారులే, ఇంకా గంటన్నర ఉంది.

ఏమన్నావు? ఫీజు లేదు, పుస్తకాలు వాళ్ళవే, పైగా మొదటి ర్యాంకు, ఇంకేం కావాలంటావా? నేనూ సరిగ్గా అదే అన్నాను మా ఆయనతో. దూరపు కొండలు నునుపంటారు. నాకు రోడ్డుకవతలున్న కొండ కూడా నునుపుగానే కనపడింది, ఏం చెప్పమంటావు?

సరే, అక్కా అన్నావు గనక ఒక మాట చెప్తాను. లోపలికెళ్ళాక ఎంతమంది పాసయ్యారని అడక్కు. అది బ్యానరు మీదే ఉంది. మూడో తరగతిలో ఎంతమంది ఉన్నారు, పరీక్ష ఎంతమంది రాశారు, ఇది అడుగు. అడిగి పెద్దమేడం ముఖం చూడు. టీ తాగుతారా అంటుంది. నవ్వకు, నిజంగానే అంటుంది.

అర్థం కాలేదా? ఏటా పైనుంచి ఒక అధికారి వస్తాడు. మూడో తరగతికీ ఐదో తరగతికీ పరీక్ష. ఎదురుగా నిలబెట్టి చదివిస్తాడు, కాయితం ఇచ్చి లెక్కలు చేయిస్తాడు. నలభై నిమిషాలు. ఆరోజు బడికి రాని పిల్లలు లెక్కలోకి రారు. ఇహ నీకు వివరించి చెప్పాలా? నిదానంగా చదివే పిల్లలందరికీ ఆరోజే జ్వరం వస్తుంది. ఒకే రోజు, ఒకే జ్వరం. తల్లులంతా ఒకే మాదిరి చీటీ రాసిస్తారు. మాదిరి చీటీ కూడా ఆఫీసు గదిలో, సొరుగులో ఉంటుంది.

మొదట్లో ఆ పిల్లల్ని ఇళ్ళలోనే ఉంచేవాళ్ళు. ఒక ఏడు ఏమైందంటే, జ్వరమొచ్చిన పిల్లాడొకడు రోడ్డు మీద టైరు దొర్లించుకుంటూ అధికారి కారుకి ఎదురెళ్ళాడు. వెళ్ళినవాడు ఊరుకున్నాడా? బళ్ళో నేర్పించారు కదా, చేతులు కట్టుకుని "గుడ్ మార్నింగ్ సార్" అన్నాడు! పెద్దమేడానికి ఆరోజు నిజంగానే జ్వరం వచ్చుంటుంది.

మరుసటి ఏడు ఆవిడ నా కొట్టుకొచ్చింది. ఇదిగో, ఇందాక నువ్వు నిలబడ్డచోటే నిలబడింది. "మీ దగ్గర లోపల గది ఉంది కదా, ఒక్క పూట పిల్లల్ని కూర్చోబెట్టుకోండి, బయటికి రానివ్వకండి" అంది. అంత పెద్దమనిషి నా గుమ్మంలో నిలబడి సాయం అడిగింది! నేను కాస్త ఉబ్బిపోయానమ్మా, అబద్ధమెందుకు? పైగా ఆ బడి యూనిఫారాలన్నీ నావే. మూడొందల జతలు. నేను కాదంటే సందు చివర ఇంకో మిషను లేదూ?

అదిగో ఆ తెర. యూనిఫారం ముక్కలు మిగిలితే అతికి కుట్టాను. దాని వెనకాల ఒక బెంచీ, గుడ్డల మూటలు, నా పాత మిషను. అక్కడే కూర్చునేవాళ్ళు. చప్పుడు చెయ్యకుండా ఉండడానికి గుండీల డబ్బా ఇచ్చేదాన్ని. నల్లవి ఒకవైపు, తెల్లవి ఒకవైపు వేరు చేస్తూ కూర్చునేవాళ్ళు పాపం.

పాపం అంటున్నాను కానీ, అప్పుడు ఆ తల్లుల్ని ఎన్ని మాటలన్నానో తెలుసా? మధ్యాహ్నం పిల్లల్ని తీసుకెళ్ళడానికొస్తే, "ఇంట్లో కాస్త కూర్చోబెట్టి చదివించుకోవాలమ్మా, అన్నీ టీచర్లే చెయ్యాలంటే ఎలా?" అన్నాను. నాకేం, నా కూతురు అప్పటికి ఒకటో తరగతి. కళ్ళు నెత్తి మీదున్నాయి నాకు.

నా కూతుర్ని చూశావా నువ్వు? పొద్దున గుమ్మంలో కూర్చుని దారం చుడుతుంటుంది. ఏడాది పిల్లప్పుడు ఒక గుండీ మింగేసింది, రెండు రోజులు మా ప్రాణాలు తోడేసింది. అప్పట్నుంచి అందరికీ అది గుండీయే. తెలివైనదే. కాకపోతే నిదానం. పుస్తకం ఇస్తే ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, అది తనదే అని తేల్చుకున్నాక పక్కదానికెళ్తుంది. నలభై నిమిషాల్లో చెయ్యమంటే చెయ్యదు. గంట ఇస్తే ఒక్క తప్పు ఉండదు. ఆ మిగతా ఇరవై నిమిషాలే ఆ బళ్ళో ఎవరి దగ్గరా లేవు.

పోయిన ఏడు పరీక్షకి ముందురోజు ఆయా చీటీ తెచ్చింది. ఏటా తెచ్చేదే, లోపల కూర్చోవలసినవాళ్ళ పేర్లు. ఎంతమందో లెక్కపెట్టుకుని మిషను మీద పెట్టేస్తాను, పేర్లు చదవను. ఆరోజెందుకో చదివాను. ఎనిమిదో పేరు నా కూతురిది.

ఇంకో పిల్ల అనుకున్నాను. ఇంటిపేరు కూడా రాసుంది.

పరుగెత్తుకెళ్ళాను రోడ్డు దాటి. కత్తెర చేతిలోనే ఉంది, చూసుకోలేదు, వాచ్‌మన్ భయపడి పక్కకి జరిగాడు. పెద్దమేడం నన్ను చూసి లేచి నిలబడింది. అరుస్తుందేమో అనుకున్నాను. అరిస్తే బాగుండేది. "మీరే అర్థం చేసుకోకపోతే ఇంకెవరు చేసుకుంటారండీ?" అంది. శాతం తగ్గితే ఈ బడిని పక్క బళ్ళో కలిపేస్తారట, టీచర్లని తలో మూలకీ పంపేస్తారట. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. ఆవిడ రాక్షసి కాదమ్మా, అదే వచ్చిన చిక్కు. పిల్ల పడితే మోకాలికి తనే మందు రాస్తుంది. తిట్టి వద్దామని వెళ్ళినదాన్ని, సొరుగులోంచి మాదిరి చీటీ తీసి ముందు పెడితే చూసి రాసిచ్చాను. "మా అమ్మాయికి జ్వరముగా ఉన్నందున." వేళ్ళకి సుద్ద అంటుకుని ఉంది, కాయితమంతా మరకలయింది.

ఇంటికొచ్చి దానితో ఏమన్నాననుకున్నావు? "రేపు బడి మానేసి నాతో కొట్లో ఉందువుగాని, గుండీలు లెక్కపెడదాం" అన్నాను. ఎగిరి గంతేసింది! రాత్రే గౌను తీసి పెట్టుకుంది.

తెల్లారింది. ఏడుగురూ ఒక్కొక్కరే వచ్చారు. బెంచీ మీద కూర్చుని అది ఒక్కొక్కరి ముఖం చూస్తోంది. వాళ్ళెవరో దానికి తెలుసు కదా, చివరి వరసవాళ్ళు. అందరూ వచ్చాక నా కొంగు పట్టుకుంది. "అమ్మా, నేను వీళ్ళల్లోదాన్నా?" అంది.

నోరు మూసుకుని కూర్చోమన్నాను. ఇంకేం చెప్పను? నువ్వైతే ఏం చెప్పేదానివి?



పదకొండింటికి అధికారి బయటికొచ్చాడు. నాకేం తెలుసు వస్తాడని! బ్యాగు పట్టీ తెగిందట, ఎవరో నా కొట్టు చూపించారు. వచ్చి ఇక్కడే నిలబడ్డాడు, మంచి మనిషిలాగే ఉన్నాడు, "కొంచెం కుట్టిపెడతారా అమ్మా" అన్నాడు. పట్టీ మిషను కింద పెట్టి గబగబా కుట్టేశాను. తెర వెనకాల ఎనిమిది మంది. దగ్గు కూడా లేదు, అంత బాగా నేర్పారు వాళ్ళకి.

అప్పుడొక గుండీ దొర్లుకుంటూ తెర కిందనుంచి బయటికొచ్చింది. తెల్లది. వచ్చి ఆయన బూటు దగ్గర ఆగింది.

ఆయన దాన్నే చూశాడు. తర్వాత తెర చూశాడు. "లోపల పిల్లలెవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

ఉన్నారు అనొచ్చు కదా? ఒక్క మాట. ఉన్నారండీ, ఎనిమిది మంది, అందులో ఒకతి నా కూతురు, గంట టైమిస్తే ఒక్క తప్పు చెయ్యదు, మీరే చూడండి అనొచ్చు. నాలుక మీదకొచ్చింది తల్లీ, ఒట్టు. వచ్చి అక్కడే ఆగిపోయింది.

"ఎవరూ లేరండీ" అన్నాను. "గుడ్డల మూటలు. ఎలుకలెక్కువ."

ఆయన వంగి గుండీ తీసి మిషను మీద పెట్టాడు. బ్యాగు తీసుకుని వెళ్ళిపోయాడు. తెలియలేదంటావా ఆయనకి? ఎలుక గుండీలతో ఆడుకుంటుందా? తెలుసు. ఆయనకీ పైన ఎవరో ఉంటారు, వాళ్ళకీ శాతాలు కావాలి. తిలాపాపం తలా పిడికెడు. నా పిడికిలి మాత్రం కాస్త పెద్దది.

తెర తీసి చూస్తే ఎనిమిది మందీ నన్నే చూస్తున్నారు. మా గుండీ ఏడవలేదు. చెయ్యి చాపి, "ఆ తెల్లది ఇవ్వు, లెక్క తక్కువైంది" అంది. ఏం చేశారనుకున్నావు వాళ్ళు? పదేసి గుండీలు ఒక దారానికి గుచ్చి, పది దారాలు ఒక కట్టగా కట్టారు. ఆరొందల నలభై మూడు. తర్వాత నేను కూర్చుని లెక్కపెట్టాను. ఒక్కటి తేడా లేదు. లెక్కలు రావని దాచిపెట్టిన పిల్లలమ్మా వాళ్ళు!

వారం తర్వాత బ్యానరు గుడ్డ వచ్చింది. నూటికి నూరు. అంచు కుట్టి పంపాను.

ఆ రాత్రో మర్నాడో, అన్నానికి పిలిచాను. "గుండీ!" పలకలేదు. మళ్ళీ పిలిచాను. లోపలి గదిలోంచి, "ఎవరూ లేరు" అంది. నేను నవ్వాను చూడు, నా బుద్ధికి! ఆటలాడుతోందనుకుని నవ్వాను. మా ఆయన కూడా నవ్వాడు. ఆయనకి అప్పటికి చెప్పలేదు నేను. ఇప్పటికీ చెప్పలేదనుకో.

తర్వాత టీచరు పిలిపించింది. హాజరు పిలుస్తుంటే మీ అమ్మాయి పలకడం లేదు, ఎదురుగా కూర్చునే ఉంటుంది, పేరు పిలిస్తే కిందకి చూస్తుంది అంది. ఏడాది కావస్తోంది. కొత్తలో ఆ టీచరు విసుక్కుని ఆబ్సెంటు వేసేదట. ఇప్పుడు పలక్కపోయినా తనే ప్రజెంటు వేసేసుకుంటోంది. మంచి పిల్లే ఆ టీచరు. ఏం లాభం?

మాన్పించి ఇంకో బళ్ళో వెయ్యొచ్చు కదా అంటావు. వేస్తే? నన్ను కూడా మార్చుకోవాలి కదా అది. దాన్ని లేదన్నది బడి కాదమ్మా. పెద్దమేడం కూడా నా కూతురు లేదనలేదు, జ్వరమంది. లేదన్నది నేను.

ఛీ, కళ్ళల్లో దారప్పీచు పడింది. ఆ గౌను ఇలా ఇవ్వు. ఛాతీ ఇరవై రెండు. అంచు మడత రెండంగుళాలు వదుల్తాను, పిల్లలు పెరుగుతారు కదా, ఏటా విప్పుకోవచ్చు. ఏంటలా చూస్తున్నావు? ఫారం ఇవ్వాలా వద్దా అనా? నేనేం చెప్పను? చదువు బాగా చెప్తారు. వేగంగా వచ్చే పిల్లకి ఇంతకన్నా మంచి బడి లేదు. ఇస్తే ఇయ్యి.

ఇందాక వస్తూనే ఒక మాటన్నావు, మా పాప కాస్త నిదానం, ఇక్కడైతే దార్లో పడుతుందని.

ఎల్లుండే ఈ ఏటి పరీక్ష. పొద్దున ఆయా చీటీ తెచ్చింది, ఇదిగో, కత్తెర కింద పెట్టాను. ఈసారి తొమ్మిది మంది. గుండీ నాలుగో తరగతి, దానికి ఈ ఏడు పరీక్ష లేదు. వచ్చే ఏడు ఉంటుంది.

ఆయాకి ఏం చెప్పి పంపావంటావా? ఏం చెప్తాను... సరే అన్నాను. బెంచీ చిన్నదే, కాస్త జరిగి కూర్చుంటే ఇంకొకరికి చోటు అవుతుంది.