గంటలు ఎన్ని?

ఖరగ్‌పూర్, న్యూ సెటిల్‌మెంటులో ఒక రైల్వే క్వార్టరు. ఆదివారం మధ్యాహ్నం. ఒకప్పుడు అవధానాలు చేసిన గోపాలంగారు, ఆయన మనుమరాలు శ్రీవిద్య, వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన నూకయ్య ఇప్పుడే ఒక సినిమా చూడడం ముగించారు.

"కిటికీ తియ్యనా తాతయ్యా?"

"ఆ మాట అంటావని నాకు ముందే తెలుసు."

"సీకటి సేసుకుని సినిమా సూసినాక కిటికీ కాక ఏటి తీస్తారు పంతులుగోరూ? అది కాదు, ముందు నాకు ఇది సెప్పండి. ఆ సినిమాలో ఆయన నిద్దరోతన్నాడా, మెలకువగా ఉన్నాడా?"

"నీకేమనిపించింది నూకయ్యా?"

"రోజూ అదే స్టేషన్లో దిగుతాడు. అదే ముసిలామె టీ ఇస్తాది. ఆకర్న ఠంగుమని గంట మోగినాది, ఆయన లేసినాడు. లేసి సూస్తే మల్లీ అదే స్టేషను. నాకేటీ బోధపడ్నేదు. హాల్లో అయితే మధ్యలో లేసెళ్ళిపోదును. పాప ఇంట్లో సూపించింది కాబట్టి మొగమాటానికి కూకున్నాను."

"నాకు బోధపడింది. అదే నా భయం."

"బయమేటండి?"

"ఆ ముసలామె చెంగు తొలగించక ముందే, ఎడమ చెంప మీద కాలిన మచ్చ ఉంటుందని నాకు తెలిసింది. అతడు జేబులో చెయ్యి పెట్టబోతున్నాడు. చినిగిన టిక్కెట్టు ఉంటుందనుకున్నాను, ఉంది. ఎవరో నా వెనక నిలబడి, జరగబోయేది నా చెవిలో చెబుతున్నట్టుగా ఉంది. శ్రీవిద్యా."

"ఆఁ తాతయ్యా."

"ఈ సినిమా నువ్వు ఇదివరకు చూశావా?"

"చూశాను. కాలేజీలో ఉన్నప్పుడు, నా స్నేహితురాలు జెనీ వాళ్ళింట్లో."

"నేను?"

"మీరు సినిమాలెప్పుడు చూశారు తాతయ్యా? నానమ్మ సినిమా అంటే, మీరు పురాణం ఉందని గుడికి వెళ్ళిపోయేవారట కదా."

"నేను అడిగినదానికి అది సమాధానం కాదు."

"టీ పెట్టనా?"

"అదీ కాదు."

"పాపని ఎందుకండీ దబాయిస్తన్నారు? నా సంగతి తేల్చండి. ఉగాది నాడు గుళ్ళో మీ అవధానం. కార్డులు ఇయ్యాలే అచ్చుకియ్యాల. గోల్‌బజార్లో ప్రెస్సు నడిపీ బెంగాలీ దాదా ఆరింటికి షాపు కట్టేస్తాడు. కమిటీ వోళ్ళు నన్నే పంపినారు, పంతులుగోరు నీ మాట కాదనరని."

"ఇప్పుడు అవధానం లేకపోతే ఏమైంది నూకయ్య తాతా? తొమ్మిదేళ్ళుగా లేదు కదా."

"తొమ్మిదేళ్ళుగా నేదనే అడగతన్నాం."

"చూశావా నూకయ్యా? ఇది వద్దంటుంది. దీని నానమ్మా వద్దంటుంది. ఎందుకో ఇద్దరూ చెప్పరు. మొన్న నేను సంధ్యావందనం రెండుసార్లు చేశానట. చేస్తే మంచిదే కదా అన్నాను. ఆవిడ నవ్వలేదు."

"తాతయ్యా, అలాంటివి అందరికీ—"

"నాకు రెండే కారణాలు తోస్తున్నాయి తల్లీ. నా ధారణ చెదిరిపోయి ఉండాలి. లేదా నేను కలలో ఉండాలి, మీరిద్దరూ ఆ కలలోని మనుషులై ఉండాలి."

"నాను కలలో మనిసినైతే ఈ మోకాలు నొప్పి ఎందుకుంటాదండి?"

"కలలో మోకాలు కలలోనే నొప్పి పెడుతుంది నూకయ్యా. స్వప్నంలో ఉన్నవాడికి అది స్వప్నమని తెలియదు. బడిలో పిల్లలకి, గుళ్ళో పెద్దలకి నలభై ఏళ్ళు ఇదే చెప్పాను. చెబుతుంటే ఎంత బాగుండేదో. ఇవాళ అదే మాట నాకు తగిలితే ఒళ్ళు చల్లబడుతోంది."

"తాతయ్యా, ఈ శాలువా కప్పుకోండి."

"అక్కర్లేదు. సినిమా మొదలవుతూండగానే నాకు నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను. నూకయ్యా, అవధానంలో నీ పనేమిటి?"

"తెలీదేటండి? గంటలు. మీరు ఒకరికి పద్యం కడతా, ఇంకొకరికి బదులు సెప్తా ఉంటే, నాకు బుద్ధి పుట్టినప్పుడల్లా ఏలాడగట్టిన రైలుపట్టా ముక్క మీద కొట్టీవోడ్ని. ఆకర్న నెగిసి, గంటలు ఎన్నని అడిగీవోడ్ని. మీరు లెక్క సెప్పీవోరు."

"ఎప్పుడైనా తప్పానా?"

"మీరా? ఒకపాలి నానే తప్పినాను. ముప్పయ్యేడు కొట్టి ముప్పయ్యారని రాసుకున్నాను. మీరు ముప్పయ్యేడన్నారు. మా ఇంటిది గంగాభవాని జనంలోంచి నెగిసి, పంతులుగోరిదే రైటనేసింది. ఇంటికెళ్ళినాక కూడా వారం దినాలు అదే మాట."

"ఈ సినిమాలో గంట ఎన్నిసార్లు మోగిందో నేను లోపల లెక్కపెట్టుకున్నాను. నన్ను అడగండి. సరిగ్గా చెప్పానా, ఉగాదికి వచ్చి కూర్చుంటాను. తప్పానా, ఇక ఆ పీఠం ఎక్కను. ఎవరెంత బతిమాలినా ఎక్కను."

"ఇంతేనా? కార్డులు అచ్చయిపోయినట్టే. పంతులుగోరూ—"

"వద్దు నూకయ్య తాతా."

"ఏటమ్మా, ఎందుకొద్దు?"

"ఇంకేదైనా అడగండి. పద్యాలు అడగండి. ఎక్కణ్ణించి అడిగినా తాతయ్య—"

"పద్యాలు నాలుక మీద ఉంటాయి తల్లీ. అవి రావడానికి నేను అక్కర్లేదు. గంటలే అడుగు."

"నేను అడగను."

"తప్పుతానని భయమా?"

"అడగను తాతయ్యా. అంతే."

"నీ ముఖం చూస్తే ఆ ప్లాట్‌ఫారం మీది ముసలామె గుర్తొస్తోంది. ఆవిడకీ అంతా తెలుసు. పెదవి విప్పదు. టీ మాత్రం ఇస్తుంది."

"పాప అడగకపోతే మానె. అది నా పని, నానే అడగతాను. పంతులుగోరూ, గంటలు ఎన్ని?"

"పదకొండు."

"మల్లీ సెప్పండి. నిదానంగా."

"పదకొండు. నాకు ఇసుమంతైనా సందేహం లేదు. అన్నిటిదీ ఒకే నాదం. అయినా ఒకదాని వెనక ఒకటి, దేనికది విడిగా లోపల ఉన్నాయి. లెక్క సరిపోయిందా నూకయ్యా?"

"గంట ఒకటే మోగినాదండి. ఆకర్న. కాదులెండి, నా సెవులకి ఏటి తెలుసు? సమ్మెట దెబ్బలకి ఎప్పుడో దిమ్మెక్కిపోయినాయి. నాను ముప్పయ్యేడుని ముప్పయ్యారన్నోడ్ని. ఇదీ నా తప్పే అయ్యుంటాది."

"వద్దు నూకయ్యా. నా కోసం నీ చెవులను నిందించుకోకు. వెళ్ళి కార్డులు వద్దని చెప్పు. పరీక్ష పెట్టుకున్నది నేనే, తప్పినదీ నేనే. నువ్వెందుకమ్మా ఏడుస్తున్నావు? ఆ గోడ మీది కేలెండరు ఎందుకు తీశావు?"

"జనవరి నుంచి చూడండి తాతయ్యా. ఆదివారాల మీద చుక్కలున్నాయి."

"ఉన్నాయి. ఎవరు పెట్టారు?"

"నానమ్మ. మీకు చెప్పొద్దంది. మూడోవారం నేను చెబితే మీరు ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాటికి అదీ మరిచిపోయారు. ఆదివారం రాగానే మళ్ళీ మీరే అడుగుతారు, కలల మీద ఏదో సినిమా ఉందట, చూపించవా తల్లీ అని."

"అయితే ఈ చుక్కలు..."

"మీరు లెక్క తప్పలేదు తాతయ్యా. నూకయ్య తాత కూడా తప్పలేదు. సినిమాలో గంట ఒక్కసారే మోగుతుంది. దాన్ని మీరూ నేనూ చూడడం ఇవాళ్టితో పదకొండోసారి."