మలుపు లేని చేను

టీ కొట్టు బల్ల మీద కొత్త ట్రాక్టరు తాళంచెవి ఉంది. కొండవాలులో తలా నాలుగు మడులున్న పద్దెనిమిది ఇళ్ళవాళ్ళు కలిసి కొన్న ట్రాక్టరు అది. దాన్ని ఎవరు నడపాలో టీ తాగేలోగా తేల్చేయాలని రైతుసంఘం పెద్దమ్మ కూర్చుంది. ఊరంతా గొప్పల బావ అని పిలిచే మనిషి చూపంతా ఆ తాళంచెవి మీదే. ముప్పై ఏళ్ళుగా పార పట్టినవాడు. ఒక్కసారి ఆ సీటెక్కి పెళ్ళాం కళ్ళముందు నుంచి వెళ్ళాలని ఆయన ఆశ.

"నా గురించి నేనే చెప్పుకోకూడదు గానీ పెద్దమ్మా," అని అడక్కుండానే అందుకున్నాడు. "కింద మైదానంలో ట్రాక్టరు తోలాను. మన మడుల్లాంటివా అవి? ఒక్కో చేను రెండొందల ఎకరాలు. పొద్దున దున్నుతూ ఒక చాలు మొదలెడితే అవతలి గట్టు చేరేసరికి భోజనాల వేళ!"

"అబ్బో!" అన్నాడు టీ కొట్టాయన.

"అది చిన్న చేనులే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా పనితనం చూసి ఆసామి పెద్ద చేనుకి పంపాడు. వారం తిరిగేసరికి గడ్డం మాసింది, దారిలో మంగలిని పెట్టారు. నా వెనక విత్తేవాళ్ళు, వాళ్ళ వెనక కలుపు తీసేవాళ్ళు, వాళ్ళ వెనక కోసేవాళ్ళు. నేనింకా మొదటి చాల్లోనే ఉన్నాను! నేను దున్నిన చోట పండిన గింజలే వండి నాకు క్యారేజీ పంపారంటే చూసుకోండి."

"ఎన్నాళ్ళు బావా?" అంది పాల ఆటో నడిపే మరదలు.

"నాలుగు నెలలు! స్టీరింగు ఇటు తిప్పింది లేదు, అటు తిప్పింది లేదు. ఒట్టు!"

అందరూ పగలబడి నవ్వారు. పని అయిపోయిందనుకుని బావ తాళంచెవి మీదకి చెయ్యి చాపాడు.

పెద్దమ్మ గ్లాసు కింద పెట్టింది. "నీ మాట నూటికి నూరుపాళ్ళు నమ్మానయ్యా. మరి మన మడిలో ఇరవై అడుగులు వేస్తే గట్టొస్తుంది. తిప్పడమే మనకి అసలు పని. నాలుగు నెలల్లో ఒక్కసారీ తిప్పనివాడికి ఇస్తే, నా మడిలో మొదలెట్టి లోయలో తేలతాడు."

తాళంచెవి మరదలి ముందుకి జరిగింది. రోజూ ఇరుకు సందుల్లో ఆటోని వెనక్కి తీసే మనిషి ఆవిడ.

బావ నోరు తెరిచాడు. అబద్ధమని ఒప్పుకుంటే ట్రాక్టరు ఎక్కనేలేదని తేలుతుంది. నిజమని నిలబడితే తాళంచెవి ఎలాగూ రాదు. పాపం, మొహం చిన్నబోయింది.

"ఆ చేను చివర ఒక్క మలుపుండేది..." అని గొణిగాడు.

"పక్కన ఎక్కు బావా, దారిలో చెబుదువుగాని," అంది మరదలు లేస్తూ. "మీ ఇంటి ముందు నుంచే వెళ్దాం. మలుపుల్లో మాత్రం గట్టిగా పట్టుకో, నీకు అలవాటు లేదు కదా."