అవతలి గట్టు పొగాకు

అమెరికా అంతర్యుద్ధంలో రాపహానక్ నదికి ఈవల కాపలా ఉన్న ఇద్దరు ఉత్తరాది సిపాయిల ముందుకు, అవతలి శత్రువుల గట్టు నుంచి చిన్న చెక్క పడవ తేలుతూ వచ్చింది.

"మన కాఫీకి బదులు పొగాకు పంపాడన్నా, ఆ ఎర్ర గడ్డం ఆయన!"

"ఆయన పోయాడురా. నిన్న నువ్వు జ్వరంతో పడుకున్నప్పుడు కాల్చమని ఆర్డరొచ్చింది."

"ఎప్పట్లా ముందు అరిచి చెప్పలేదా?"

"'దాక్కోండ్రోయ్' అని గొంతు చించుకున్నాను. అందరూ దాక్కున్నారు. ఆయన మాత్రం కాఫీ తడిసిపోతుందని పడవ కోసం నీళ్లలోకి దిగాడు."

"గాల్లోకి కాల్చలేకపోయావా?"

"కెప్టెన్ నా పక్కనే నిలబడ్డాడు."

"మరి ఈ పొగాకు?"

"అవతల ఎవడో అరుస్తున్నాడు, విను."

"ఆయన తమ్ముడట. అరిచి చెప్పినాయనకి ఇమ్మని వాళ్లన్న పోతూ పోతూ చెప్పాడట."

"ఇంకా ఏదో అంటున్నాడే?"

"కాల్చింది ఎవరో నిన్ను చెప్పమంటున్నాడన్నా."