స్టేషన్లో ఉన్న తుపాకీ

భీమవరం దగ్గరి పల్లెలో రొయ్యల రైతు పల్లంరాజు గారి వీధి వరండా. ఎన్నికల ముందు పోలీస్ స్టేషన్లో అప్పజెప్పిన లైసెన్సు తుపాకీని తెచ్చుకుందామని రాజుగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నిలబడ్డారు. స్టేషన్ వాళ్ళిచ్చిన రసీదు మాత్రం భార్య రత్నమాణిక్యం గారి కొంగు ముడిలో ఉంది.

“రసీదు ఇలా తే రత్నం. మధ్యాహ్నం దాటితే రైటర్‌గారు దొరకరు.”

“దొరక్కపోతే మరీ మంచిది. అక్కడే ఉండనివ్వండి.”

“అదేంటి? ఎలక్షన్లన్నారు, ఇచ్చాను. అయిపోయాయి, తెచ్చుకుంటాను. నా హక్కు!”

“హక్కు కాదటండి, అనుమతేనట. అమ్మాయి దుర్గాశ్రీ చెప్పింది.”

“ఇంట్లో లా చదివే పిల్ల ఉంటే ఇదే గొడవ. కారుకీ లైసెన్సేగా? కార్లు గుద్ది జనం చావట్లేదా? అవీ స్టేషన్లో పెట్టేద్దామా?”

“కారులో గుడికెళ్తాం, ఆస్పత్రికెళ్తాం. దాంతో ఎక్కడికెళ్తామండి?”

“చెరువు మీదికి దొంగలొస్తే?”

“మొన్నొస్తే ఏం చేశారు?”

“కేకేశాను.”

“పారిపోయారుగా. మీ కేక చాలు.”

“మరి రొయ్యల్ని మింగే నీటికాకులో?”

“అందరూ టపాకాయలు కాల్చి తోలట్లేదా?”

“తాతగారి తుపాకీ, రత్నం! తుపాకీ రాజుగారిల్లంటేగానీ పోస్ట్‌మేన్‌కి మన గుమ్మం తెలీదు.”

“ఈ రెండు నెలలూ ఉత్తరాలు ఆగాయా? అసలది పేలి ఎన్నాళ్ళయింది? మీ తమ్ముడు శ్రీనివాసరాజు పెళ్ళిలో కదూ? గాల్లోకి కాలుస్తానని షామియానాకి చిల్లు పెట్టారు. డోలాయన డోలక్కడే వదిలేసి గోడ దూకాడు.”

“ఎవరికీ ఏం కాలేదుగా!”

“కాలేదు కాబట్టే నవ్వుకుంటున్నాం.”

“నీతో వాదించలేను. ఇంతకీ నీకేంటంత భయం?”

“ఈ రెండు నెలలే నాకు కంటినిండా నిద్ర పట్టిందండి.”

“ఎవడు తీస్తాడని? బీరువా తాళం నా మొలతాడుకే ఉంటుంది.”

“అదేనండి నా భయం.”

“ఏది?”

“తాళం మీ దగ్గరుండటం.”

“ఏంటా మాటలు?”

“పోయినేడు తెల్లమచ్చ తెగులొచ్చి రొయ్యంతా పోయింది. మూడో రోజున మీరు తుపాకీ పట్టుకుని చెరువు మీదికెళ్ళారు.”

“నీటికాకుల్ని బెదరగొట్టడానికని చెప్పాను కదా.”

“ఆయ్, చెప్పారు. అప్పటికే చెరువంతా బ్లీచింగ్ కొట్టించేశారు. నీళ్ళలో పురుగు కూడా లేదు, పిట్టలెందుకొస్తాయండి? నేనూ చెరువులున్న ఇంట్లోనే పుట్టాను.”

“ఎండ పేలిపోతోంది. కాసిని మంచినీళ్ళు తే.”

“తెస్తాను. ముందు చెప్పండి.”

“ఏం చెప్పమంటావు? తిరిగొచ్చానుగా.”

“వచ్చారు. మీరు వచ్చేదాకా నేను గేటు పట్టుకుని నిలబడ్డాను.”

“ఊఁ.”

“ఊఁ అంటే?”

“ఏడాదిగా అడగాలనుకుంటున్నాను రత్నం. ఆ రోజు బయల్దేరబోతుంటే నువ్వు బలవంతాన నన్ను అన్నానికి కూర్చోబెట్టినప్పుడు తుపాకీలో తూటాలున్నాయి. గట్టు మీదికెళ్ళాక లేవు. తీసింది నువ్వేనా?”